సద్దిగిన్నెలో రాతిపువ్వు

జానయ్యను చంపింది మీరే, రామమోహనరావు సారూ. పాండురంగం, నీ చెయ్యి కూడా ఉంది. గుండె ఆగి పోయాడని డాక్టరు రాసిచ్చాడు. ఆ గుండెను అంత దూరం నడిపించిందెవరో కూడా రాయాలి.

సకల జనుల సమ్మెలో బస్సులు డిపోలు దాటని రోజది. ల్యాబు అటెండరు జానయ్య ఎల్బీనగర్ నుంచి కాలేజీకి నడిచి వస్తున్నాడు. యాభై ఆరేళ్లు. ఎడమ మోకాలు సరిగా వంగదు. రాళ్లు గీకి గీకి గోళ్లు సగానికి అరిగాయి. చేతిసంచిలో ఒక ఉలి, ఒక తడిగుడ్డ, స్టీలు సద్దిగిన్నె. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర రొమ్ము పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. పర్మనెంటు వాళ్లంతా సమ్మెలో ఉన్నారు. టెంపరరీ వాడు రాకపోతే పేరు తీసేస్తారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దీక్షా శిబిరం ముందు నుంచే పోయాడు. గులాబీ కండువాతో పాండురంగం మైకులో మన ఉద్యోగాలు మనకేనని అరుస్తున్నాడు. జానయ్య పంతొమ్మిదేళ్లుగా టెంపరరీగా ఉన్న కాలేజీ ఆయనదే.

మూడేళ్ల కింద, కర్మన్‌ఘాట్ వెనక గుట్ట మీద, జానయ్య ఎప్పటిలాగే తడిగుడ్డ పిండి, బండకు అంటి పెరిగిన రాతిపువ్వు మీద నీళ్లు పోశాడు. బూడిదరంగుది చూస్తుండగానే పచ్చబడింది. మధ్యలో ఆవగింజల్లాంటి నల్లచుక్కలు మాత్రం మారలేదు. వాటి చుట్టూ పువ్వు పాలిపోయి ఉంది. తెచ్చి బాటనీ లెక్చరరు రామమోహనరావుకు చూపించాడు.

"గిది దీని సొంతం కాదు సారూ. మీదికెల్లొచ్చి దీన్ని తింటున్నది."

మట్టి అంటుకుందని సారు నవ్వాడు. ఏడాది తిరిగేసరికి అది రాతిపువ్వును తిని బతికే కొత్తరకం బూజని విదేశీ పత్రికలో అచ్చయింది. కనిపెట్టినవారు రామమోహనరావు. సేకరించినవారు కూడా రామమోహనరావే.

తర్వాత పాండురంగం ప్లాట్ల కోసం గుట్టను పేల్పించాడు. ఆ బూజు ఇంకెక్కడా దొరకలేదు. జానయ్య పాత పేపర్లో మడిచి ఆరబెట్టి దాచిన ముక్కను సారు, వచ్చిన వాళ్లకు అందంగా కనపడాలని ప్లాస్టిక్ కవరులోకి మార్చాడు. చెమ్మపట్టి కుళ్లింది. ఆ బూజును చూడ్డానికి, జానయ్య నడిచొచ్చిన మర్నాడు ఢిల్లీ నుంచి పెద్ద సైంటిస్టు రావాల్సి ఉంది. గుట్ట పేలకముందు జానయ్య ఇంట్లో తీసి పెట్టుకున్న పిడికెడు ముక్క ఒక్కటే మిగిలింది. సమ్మె అయినా సరే, తెచ్చి తీరాలని సారు కబురు పంపింది దానికోసమే.

ల్యాబులో జానయ్య స్టూలు మీద కూర్చుని ఆ ముక్క ఉన్న సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుంది. సారు చెయ్యి చాపాడు.

"చీటీ మీద తెచ్చినోడని నా పేరు రాయున్రి సారూ. రాసినంక ఇస్త."

"పేరుదేవుంది జానయ్యా? ముందది ఇలా ఇవ్వు. తర్వాత చూద్దాంలే."

"మూడేండ్ల సంది గదే చెప్తున్నరు. జర ఇప్పుడు రాయున్రి."

సారు విసుక్కుని ఫోను మాట్లాడటానికి బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి జానయ్య తల అలమారకు ఆని ఉంది. రెండు చేతులూ గిన్నె మూత మీదే ఉన్నాయి. సారు ముందు పిలిచాడు. తర్వాత ఆ వేళ్లు విడదీయబోయాడు. రాలేదు.

భార్య ఆండాలు కూడా నడిచే వచ్చింది. ఏడవలేదు. ఒక్కొక్క వేలే తీసి గిన్నె తీసుకుంది.

"ఆయన అడిగింది రాసినవా సారూ?"

ఆమె గిన్నెను కొంగులో ముడేసుకుంది.

రాయండి సారూ. మీ పేరు కొట్టేసి, సేకరించినవాడు జానయ్య అని మీ చేత్తోనే రాయండి. ఆ పత్రికకూ రాయండి. పాండురంగం, నీ కాలేజీలో పంతొమ్మిదేళ్ల టెంపరరీ ఎవరో అదే మైకులో చెప్పు. అందాకా ఢిల్లీ వాడొచ్చినా, దేవుడొచ్చినా ఆ మూత తెరుచుకోదు. ఎల్బీనగర్‌లో ఆండాలు గూట్లో ఉంది ఆ గిన్నె. కొన్ననాడు కొట్టించిన చుక్కల అక్షరాలు మూత మీద ఇంకా చెరగలేదు: జానయ్య.