పార్వేట పొదుపు

మా ఆయన వెంకటరమణయ్య ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషి కాదు. ఇది చాటున అంటున్న మాటేమీ కాదు, ఆయన ముందే చాలాసార్లు అన్నాను. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకుంటాడు.

అహోబిలం కొండల కింద మా ఊరు. ఊర్లో మాదొక్కటే చిల్లర అంగడి. మా వైపు చలికాలం వచ్చిందంటే ఇల్లాలికి రెండు పండగల ఖర్చు. సంక్రాంతి లోకమంతటికీ ఉన్నదే. అది ముగిసీ ముగియకముందే పార్వేట. కనుమనాడు నరసింహస్వామి పల్లకిలో బయలుదేరి నలభై దినాలు కొండ కింది ఊర్లన్నీ తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి తానే అందరినీ పిలుచుకుంటాడని మావాళ్ళ నమ్మకం. పల్లకి ఏ ఊర్లో దిగితే ఆ దినం ఆ ఊరికి పండగ. కొత్తబట్టలు, చుట్టాలు, పూర్ణం పెట్టిన ఓళిగలు, అన్నీ ఆ దినమే.

కర్నూలు రాజధాని అయిన ఏడు, ధనుర్మాసంలో ఒక పొద్దున పండక్కి అరిసెలు వండాలి, బెల్లమూ నువ్వులూ కావాలని అడిగాను. అంగడి మాదే అయినా అడిగే తీసుకోవాలి, తాళంచెవి ఆయన మొలతాటికే ఉంటుంది.

"రాజధాని వచ్చినాక ధరలు మండిపోతాండాయి. సర్కారే గుడారాల్లో కాపురం చేస్తాంటే మనకు అత్తిరాసలు కావల్నా? ఈ యాడు ఒక్క పండగే. పార్వేటకు చేసుకుందాం" అన్నాడు.

సరే అన్నాను. సంక్రాంతి పప్పూ చారుతో వెళ్ళిపోయింది. పిల్లలిద్దరూ గోడ పక్కన నిలబడి పొరుగింటి వాసనలు పీల్చుకున్నారు.

కనుమ అయిన రెండోనాడు మా ఆయన బండి కట్టించాడు. నాకు ఆశ్చర్యం వేసింది.

"యాడికి?"

"స్వామి సేవకు."

ఆ సేవ ఏమిటో మొదటి ఊరు చేరాక గానీ తెలియలేదు. పల్లకి దారిలో ఆరు ఊర్లలో మాకు చుట్టాలున్నారు. స్వామి ఏ దినం ఏ ఊర్లో ఉంటాడో ముందే కనుక్కుని, సరిగ్గా ఆ దినానికి ఆ ఊరి చుట్టాల ఇంట్లో దిగేట్టు ఏర్పాటు చేసుకున్నాడాయన. పోవడం, తినడం, తిరిగొచ్చి అంగడి తెరవడం. మళ్ళీ ఇంకో ఊరు.

"చూస్తివా, పార్వేట పండగా అయితాది, దేవుని దర్శనమూ అయితాది, ఇంట్లో గింజ గూడా కదలదు" అని బండిలో తొడ చరుచుకున్నాడు.

మొదటి రెండిళ్ళలో నేనూ బాగానే తిన్నాను, అబద్ధమెందుకు. మూడోది ఆయన మేనత్త రాజ్యలక్ష్మమ్మ ఇల్లు. పల్లకి ఇంకా ఊరి పొలిమేరలో ఉండగానే మేము ఆమె వాకిట్లో దిగాం. చేతిలో పండూ లేదు, కాయా లేదు. ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చి, నవ్వుతూనే తన కోడలి వైపు తిరిగింది.

"అందరూ పల్లకి ఎక్కేటోళ్ళయితే మోసేటోళ్ళు ఎవరమ్మా?"

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. మా ఆయన స్వామి పల్లకి సంగతే అనుకుని, "మోసేటోళ్ళు శానామందే ఉండారత్తా" అని ధైర్యం చెప్పాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆ దినం ఓళిగ ఆకులోనే వదిలేశాను.

సిగ్గు పడీ పడీ చివరికి కోపం వచ్చింది. వీళ్ళందరికీ ఒక్కసారైనా నా ఇంట్లో ఆకు వేసి పెట్టకపోతే ఇక ఏ చుట్టం ముందూ తలెత్తలేననుకున్నాను. ఆయనతో చెబితే లాభం లేదు. వచ్చేటప్పుడు రాజ్యలక్ష్మమ్మ నాకు బొట్టు పెడుతుంటే ఆమె చేతులు పట్టుకున్నాను.

"స్వామి మా ఊరికి ఆఖర్న వస్తాడత్తా. ఇంటిల్లిపాదీ రావల్ల. రాకుంటే నా మీద ఒట్టు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఆయన్ను అడిగినావా?"

"స్వామే పిలిచినాడనుకోండి."

మిగతా ఇళ్ళలోనూ అట్లాగే పిలిచాను. ముందు తిన్న రెండిళ్ళకూ కబురు పంపాను. తిరుగు బండిలో మా ఆయన బొజ్జ నిమురుకుంటూ, మిగిలిన బియ్యాన్ని తలుచుకుని మురిసిపోయేవాడు. ఆయన మురిపెం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది.

స్వామి మా ఊరికి వచ్చే దినం. మా ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. ఒక బండి వచ్చి ఆగింది. దోవ తప్పినారేమో అన్నాడు. రెండోదీ ఆగింది. ఆరో బండి ఆగేసరికి వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. అట్లాగే లోపలికి వచ్చాడు.

"ఏమే! వీళ్ళనెవురు పిలిచినారు?"

"నేనే."

"నలభైమంది ఉండారే!"

"మనం ఆరిండ్లలో కడుపునిండా తిన్నాం. కావల్లంటే వాకిట్లోకి పోయి, అన్నం ల్యాదు, పోండి అని మీరే చెప్పండి. నా నోటితో నేను చెప్పను."

ఆయన విసురుగా వాకిలి దాకా పోయాడు. గడపలో రాజ్యలక్ష్మమ్మ నిలబడి ఉంది.

"ఏమప్పా, స్వామి వచ్చినాడా? మేమే ముందొచ్చినామా?"

ఆయన గిరుక్కున తిరిగాడు. వెనక్కి వచ్చి, మొలతాటి నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. ప్రాణం విప్పి పెట్టినట్టే ఉంది ముఖం.

బెల్లం దిమ్మె పగిలింది. శనగబేడల మూట విప్పాం. ఆడవాళ్ళంతా కొంగులు బిగించి వంటింట్లోకి దిగారు. పెనం మీద నుంచి ఓళిగ లేచినప్పుడల్లా గుమ్మం దగ్గర మా ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు.

పల్లకి వచ్చింది. టెంకాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని, అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. నెయ్యి తానే వడ్డిస్తానన్నాడు మా ఆయన. ఎందుకో నాకు తెలుసు. ఇంకొకరి చేతికిస్తే ధారగా పోస్తారని భయం. చుక్క చుక్కగా వేసుకుంటూ రాజ్యలక్ష్మమ్మ ఆకు దగ్గరికి వచ్చాడు. ఆమె ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. ఏమంటుందోనని నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"వెంకటరమణా," అంది, పంక్తి చివరిదాకా వినబడేట్టు. "నేను పుట్టిన ఇల్లు ఇది. మా నాయన ఉండంగా ఈడ ఇట్ల తిన్నా. మళ్ళా ఈ పొద్దే తింటాండా. నీది మా నాయన చెయ్యిరా."

మా ఆయన చేతిలో గిన్నె వంగి, నెయ్యి బొళుక్కున ఆమె ఆకులో పడింది. పొరపాటనుకున్నాను. పక్క ఆకులోనూ అంతే పడింది. ఆ పక్క ఆకులోనూ. "వద్దనాకండి, పెట్టించుకోండి" అంటూ ఆయన పంక్తి పొడుగునా తిరుగుతుంటే, ఈ మనిషినేనా నేను పెళ్ళాడింది అని నోరు తెరుచుకుని చూశాను.

సాయంత్రానికి బండ్లన్నీ వెళ్ళిపోయాయి. నేను పొయ్యి దగ్గర కూలబడి, రాబోయే తిట్ల కోసం కాచుకున్నాను. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏమే."

"ఊ."

"వచ్చే యాడు గూడా అత్త ఆ మాట అనల్లంటే, ఎంతయితాది?"

"ఈ పొద్దు అయినంత."

తల గోక్కున్నాడు. "శానా అయితాదే." పుల్లతో బూడిదలో లెక్క గీశాడు. "కానీలే. బెల్లం మాత్రం నేను కొలిచిస్తా."

నవ్వబోతే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దేన్నైనా ఎంతయితాదని అడిగాడంటే, అది మానెయ్యడానికే. కావాలని అడగడం ఇదే మొదటిసారి.