మునిసిపాలిటీ మనుషులు

గాజు పెంకు అరచేతిలోకి అడ్డంగా దిగినప్పుడు అత్త కేక వెయ్యలేదు. "అబ్బా" అని మాత్రం అని, మోచేతి దాకా మురుగులో ఉన్న చేతిని పైకి తీసి, అది తనది కాదన్నట్టు చూసుకుంది. నల్లటి బురద మీద ఎర్రటి చార ఒకటి మెల్లగా కిందికి జారింది.

చూసినవాళ్లు తక్కువేం కాదు. బజారు నడిబొడ్డున కాలవ అది. బట్టల కొట్టు యజమాని గల్లా పెట్టె ముందు నుంచి చూశాడు. కూరగాయలు బేరమాడేవాళ్లు ముక్కు మూసుకుని చూశారు. శానిటరీ మేస్త్రీ అందరికంటే దగ్గర్నుంచి చూశాడు. చూసి, ఫోనులో టైము చూసుకున్నాడు. చౌరస్తాలో కొత్త ఫౌంటెను ప్రారంభించడానికి చైర్మన్ ఇంకాసేపట్లో ఆ దారినే రాబోతున్నాడు.

"కాస్త మట్టి అద్దుకుని తొందరగా కానివ్వండి," అన్నాడు.

"ఆ మట్టేదో నీ నోట్లో కొడతా రా," అంది కోడలు.

ఈ కోడలికి ఊళ్లో మైకు అని పేరు. పెట్టినవాడు ఆ మేస్త్రీయే. ఆమె ఈ వీధిలో మాట్లాడితే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే వీధి ఊడుస్తారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు. మైకు మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి అత్త మీద కోడలికీ కోడలి మీద అత్తకీ ఎన్ని ఫిర్యాదులున్నా, వాళ్లిద్దరే ఒకళ్లకొకళ్లు చెప్పుకోవాలి. చెప్పుకుని నవ్వుకోవాలి. అలా గడిచిపోతోంది ఆ ఇల్లు.

చేతికి తొడుక్కునే గ్లౌజులు అడిగి చాలా కాలమైంది. అడిగినప్పుడల్లా "వస్తున్నాయి" అంటారు. ఏ దేశం నుంచి కాలినడకన వస్తున్నాయో ఇంతవరకూ చేరలేదు. ఫౌంటెను మాత్రం చేరింది.

మైకు తన తలగుడ్డ విప్పి అత్త చేతికి కట్టింది. చెత్తబండి మీదే కూర్చోబెట్టుకుని ఇంటికి తోసుకుపోయింది. దారిలో చైర్మన్ కారు ఎదురొచ్చింది. అద్దాలు మూసే ఉన్నాయి.

మర్నాటికి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఊరి ఆసుపత్రి డాక్టరు కట్టు విప్పి, వాసన చూసి, మొహం అదోలా పెట్టాడు.

"విషం పైకెక్కుతోందమ్మా. ఇక్కడ నా వల్ల కాదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు వార్డులో మంచం దొరకడానికే వారం పడుతుంది. మునిసిపాలిటీ ఉద్యోగులకి అక్కడ వేరే వార్డుంది. మీ కమిషనర్ గారు 'మా మనిషే' అని ఒక్క ఫోన్ చేస్తే చాలు, చేర్చుకుంటారు. ఆలస్యం చేస్తే చెయ్యి దక్కదు."

ఒక్క ఫోన్. ఒక్క మాట. అదెంత భాగ్యం అనుకుంటూ మైకు పరుగెత్తింది.

మునిసిపల్ ఆఫీసు వసారాలో ఎప్పట్లాగే జనం. పుట్టిన సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు, చచ్చిన సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు, ఈ రెంటికీ మధ్య ఇంటి పన్ను ఎక్కువ పడిందని వచ్చినవాళ్లు. మైకు వాళ్లందరినీ దాటుకుని కమిషనర్ గదిలోకి వెళ్లింది. కమిషనర్ మర్యాదస్తుడు. కోప్పడలేదు. చెప్పిందంతా విని, పెన్ను టోపీ పెట్టి, నెమ్మదిగా అన్నాడు:

"పాపం. కానీ ఆమె మా మనిషి కాదమ్మా. పారిశుధ్యం పనంతా కాంట్రాక్టుకిచ్చాం కదా. ఆ కాంట్రాక్టర్ని అడగండి."

"ఇన్నేళ్లూ ఈ ఊరి పెంట ఎత్తింది ఎవరి మనిషి సార్?"

"అరవకమ్మా. ఇది ఆఫీసు."

ఆమె అరవలేదసలు. నిజం చెప్పాలంటే జీవితంలో మొదటిసారి ఆమె గొంతు పెగల్లేదు. తిట్టేవాణ్ని తిరిగి తిట్టొచ్చు. మర్యాదగా గొంతు కోసేవాణ్ని ఏం చేస్తాం?

కాంట్రాక్టరు దగ్గర ఆ మర్యాద కూడా లేదు. "కాలవలో చెయ్యి పెట్టమన్నది మేస్త్రీ. మేస్త్రీ మునిసిపాలిటీ వాడు. నా దగ్గరికెందుకొచ్చావ్?" అన్నాడు. మళ్లీ ఆఫీసుకి పోతే బంట్రోతు లోపలికే పోనివ్వలేదు. ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరిగి తిరిగి ఆమె కాళ్లు అరిగాయి గాని, అత్త ఎవరి మనిషో తేలలేదు.

ఆ సాయంత్రం పని అయ్యాక చెత్త యార్డులో బండ్ల చాటున అందరూ చేరారు. ఎవరు పిలిచారో తెలీదు. అత్త చెయ్యి సంగతి అప్పటికే వార్డు వార్డుకీ పాకింది.

"పని ఆపేద్దాం," అంది మైకు.

"ఆపితే రేపట్నుంచి రావొద్దంటాడు."

"మనం కాకపోతే ఇంకొకళ్లు. ఆకలికి కరువా?"

"మీ అత్త కోసం మేమందరం పొట్టలు మాడ్చుకోవాలా?" అని ఒకామె మొహం మీదే అడిగేసింది.

"మా అత్త కోసం కాదు. ఇవాళ మా అత్త చెయ్యి. రేపు నీ చెయ్యి తెగితే నువ్వెవరి మనిషివో చెప్పు చూద్దాం."



పంపు మామ అప్పటిదాకా తిరగేసిన బుట్ట మీద కూర్చుని వింటున్నాడు. పంపుహౌసులో మోటారు వేసేది ఆయనే. పర్మినెంటు ఉద్యోగి. ఎప్పుడో యూనియన్లో తిరిగి దెబ్బలు తిన్నవాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీరెవరి మనుషులో పని చేస్తున్నంతకాలం ఎవడూ చెప్పడు. మానేసి చూడండి. వాళ్లే చెప్తారు."

"మరి నువ్వు మోటారు ఆపుతావా మామా?" అని వెనకనుంచి ఓ గొంతు.

పంపు మామ తల దించుకున్నాడు. "నాకు పెన్షనుందే. రిటైరు కావడానికి ఇంకెంతో కాలం లేదు," అన్నాడు.

"చెప్పేవాడికి చేసేవాడు లోకువ," అంది ఆ గొంతు. జనం నవ్వారు. ఆ నవ్వులో కోపం ఉంది. కానీ ఆ కోపంలోనే చేతులు లేచాయి. మర్నాడు ఏ వార్డులోనూ చీపురు కదలకూడదు, అందరూ ఆఫీసు ముందు కూర్చోవాలి. అనుకున్నారు.

ఇక్కడే జరిగింది తప్పు. ఈ భూమ్మీద ఇంకెవరూ చెయ్యలేని తప్పు.

పొద్దున్నే మైకు అందరికంటే ముందొచ్చింది. ఆఫీసు ముందు జాగా అంతా చిత్తు కాగితాలు, టీ కప్పులు, ఎండుటాకులు. అందులో ఎలా కూర్చుంటారు? చేతిలో చీపురుంది. నడుం వంచింది. రెండోది వచ్చింది, తనూ వంగింది. మూడోది ఆ మూల అందుకుంది. మాటల్లో మాటగా ఆవరణంతా అద్దంలా ఊడ్చేసి, చెత్త కుప్ప చేసి, అప్పుడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. సమ్మెకి.

వసారాలో మేస్త్రీ ఫోను పైకెత్తి పట్టుకోవడం ఎవరూ గమనించలేదు.

కాసేపటికి ఆ ఫోటో అన్ని వార్డులకీ చేరింది. "సమ్మె అయిపోయింది. మైకు వాళ్లు ఆఫీసు దగ్గర పనిలో ఉన్నారు. మీరూ మొదలెట్టండి" అని కింద మాట. ఫోటోలో మైకు నడుం వంచి ఉంది, చీపురు నేల మీద ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆఫీసుకి బయల్దేరినవాళ్లు సగం దారిలో వెనక్కి తిరిగారు. తమని మోసం చేసిందని తిట్టుకుంటూ పనిలో దిగారు. మధ్యాహ్నానికి ఆవరణలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

మైకు ఇంటికెళ్లి గోడకి చేరబడి ఏడ్చింది. జ్వరంలో మూలుగుతున్న అత్త, సంగతంతా విని, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. నవ్వితే చెయ్యి సలుపుతోంది, అయినా ఆగదు.

"సమ్మెకెళ్లి ఊడ్చొచ్చావంటే!"

"నవ్వకత్తా. ఆ చెత్తలో ఎట్లా కూర్చోను?"

"ఊడవకుండా కూర్చుంటే ఒప్పుకునేదాన్నా నేను? నా దగ్గర నేర్చుకున్న బుద్ధే కదా." నవ్వు ఆగాక ఆమె కోడలి వైపు చూసింది. "రేపు ఊడవకే. అసహ్యమేసినా ఊడవకు. మన అసహ్యాన్ని అడ్డం పెట్టుకునే వాళ్లు బతుకుతున్నారు."

ఆ మాట పట్టుకుని మైకు ఆ సాయంత్రం గడప గడపా ఎక్కింది. తిట్టినవాళ్ల తిట్లు తింది. "అవును, ఊడ్చాను. చెయ్యి దానంతటదే చీపురు మీదికి పోయింది. మీరైతే పోదా?" అని అడిగింది. ఎంత కోపంలో ఉన్నవాళ్లయినా ఆ ప్రశ్నకి తమ చేతుల వైపు చూసుకున్నారు. నీ చెయ్యీ అంతేనే అని ఒకళ్లనొకళ్లు ఎత్తిపొడుచుకున్నారు. మర్నాడొస్తామన్నారు.

వచ్చారు. ఈసారి చీపుళ్లు ఇళ్లలోనే వదిలి, వట్టి చేతులతో వచ్చారు. చెత్తలోనే కూర్చున్నారు. అది ఊడవడం కంటే కష్టమైన పని. ఎదురుగా అరటి తొక్క కనిపిస్తుంది, చెయ్యి దురద పెడుతుంది. పక్కనున్నామె ఆ చేతిని గట్టిగా పట్టుకుంటుంది. అలా ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుని కూర్చున్నారు.

ఊరు కంపెత్తింది. కాలవలు పొంగి అరుగులెక్కాయి. అత్తకి జ్వరం పెరిగింది. ప్రతి పూటా మైకు పోయి చూసొచ్చేది, చూసినప్పుడల్లా నలుపు ఇంకాస్త పైకి పాకి ఉండేది. తను ఇక్కడ కూర్చుని అత్తని చంపుకుంటున్నానేమోనని ఆమెకి అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

బట్టల కొట్టు యజమాని రుమాలు ముక్కుకి కట్టుకుని వచ్చాడు. "మీకూ మునిసిపాలిటీకీ గొడవైతే మధ్యలో మేమేం చేశామమ్మా?"

"చూశారు బాబూ," అంది మైకు. "ఆరోజు చూశారు. అంతే చేశారు."

ఆయన వెనక్కి తిరిగాడు. కానీ కొట్టుకి పోలేదు, గేటు దగ్గరే ఆగాడు. అలా ఆగినవాళ్లు ఒక్కొక్కరే పెరిగారు.

ఆ రోజే కౌన్సిల్ మీటింగు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పంట్లాలు మడుచుకుని సభ్యులు కుప్పలు దాటుకుంటూ లోపలికెళ్లారు. చైర్మన్ కేకలు బయటికి వినపడ్డాయి. కమిషనర్ మొహం కందిపోయి వసారాలోకొచ్చాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ అప్పటికే వ్యానుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఏమని పట్టుకోమంటారు సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కూర్చోవడం నేరం కాదు. కాంట్రాక్టరు కూలీలు పన్లోకి రాకపోతే అది కాంట్రాక్టరు తంటా."

"కాంట్రాక్టరేమిటండీ!" కమిషనర్ మర్యాద మొత్తం ఆ క్షణాన ఊడిపడింది. "వీళ్లు మునిసిపాలిటీ మనుషులు! అత్యవసర సేవల ఉద్యోగులు! సమ్మె చేసే హక్కే లేదు వీళ్లకి! ఎక్కించండి వ్యాను!"

అందరికంటే ముందు అర్థమైంది మైకుకే. ఆమె లేచి నిలబడింది. ఆ గదిలో పెగలని గొంతు ఇప్పుడు పెగిలింది.

"విన్నారా అందరూ! మనం మునిసిపాలిటీ మనుషులమంట! సార్, ఇంకోసారి అనండి సార్!"

కమిషనర్ అనలేదు. అనక్కర్లేదు కూడా. గేటు దగ్గర బజారంతా ఉంది. పోలీసులు ఆమె రెక్క పట్టుకుని లాగుతుంటే ఆమె అరుస్తూనే ఉంది. "మామా! అత్తని పెద్దాసుపత్రికి తీసుకుపో! కమిషనర్ గారి మాటని చెప్పు! బజారు సాక్ష్యమని చెప్పు!"

పంపు మామ వసారాలో నిలబడి ఉన్నాడు. పెన్షను గుర్తొచ్చిందో లేదో తెలీదు. మెట్లు దిగి పరుగెత్తాడు. బట్టల కొట్టు యజమాని తన కారు తాళాలు తీశాడు.

స్టేషన్లో ఒక్క గదిలో అందర్నీ కుక్కారు. మర్నాడు మధ్యాహ్నం పంపు మామ వచ్చాడు. ఊచల దగ్గర నిలబడ్డాడు.

"చేర్చుకున్నారే. మునిసిపాలిటీ ఉద్యోగుల వార్డులోనే."

"చెయ్యి?"

"మోచేతి దాకా తీసేశారు. మొన్ననే తెచ్చుంటే దక్కేదన్నారు. ప్రాణానికి ఇంకా నాలుగు రోజులు ఆగితే గాని చెప్పలేరట."

మైకు ఊచలు పట్టుకుని ఏడ్చింది. గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు వీధి దాకా వినపడింది. ఒక్క ఫోను చెయ్యడానికి బరువైన నాలుక, వ్యాను ఎక్కించడానికి ఎంత తేలిగ్గా కదిలింది!

ఆమె కళ్లు తుడుచుకోకముందే ఇన్‌స్పెక్టర్ తలుపు తీశాడు.

"వెళ్లండమ్మా, కేసు లేదు. కమిషనర్ గారు ఆవేశంలో అన్నార్ట. మీరు కాంట్రాక్టరు మనుషులేనట. పన్లోకి పోండి."

ఆడవాళ్లు ఒక్కసారి లేచారు. "పదవే, పిల్లలు ఎట్లా ఉన్నారో," అని ఒకామె అప్పుడే గడప దాకా వచ్చింది.

మైకు లేవలేదు. "ఆగండే. ఇప్పుడు బయటికెళ్తే మనం మళ్లీ ఎవరి మనుషులమూ కాదు. సాయంత్రానికి మా అత్తని ఆ వార్డులోంచి బయట పెడతారు. రేపు ఇంకో చెయ్యి తెగుతుంది, అప్పుడు మళ్లీ ఆ గుమ్మం, ఈ గుమ్మం." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "మునిసిపాలిటీ మనుషులమనే కదా సార్ పట్టుకొచ్చారు? ఆ మాట మీద లోపలికొచ్చాం. కమిషనర్ గారొచ్చి ఆ మాట మళ్లీ అంటే, దాని మీదే బయటికొస్తాం."

గడప దగ్గరామె అటూ ఇటూ చూసింది. పిల్లలు గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది. వెనక్కొచ్చి మైకు పక్కన కూలబడింది. తర్వాత ఇంకొకామె. తర్వాత అందరూ.

"ఇదెక్కడి గోలమ్మా! వదిలేస్తామంటే పోరేంటి!" ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు.

అత్త చెయ్యి తీసేశారన్న కబురు పాకి బయట వీధిలో సందడి మొదలైంది. పంపు మామ బయటికి పోయి చూశాడు: పంపుహౌసు వాళ్లు, వీధి దీపాల వాళ్లు, ఆఫీసు బంట్రోతులు, వాళ్ల వెనక బజారు జనం. తలుపు బార్లా తీసి ఉంది. మైకు కూర్చున్న చోటునుంచే గొంతెత్తింది.

"మామా! మేం బయటికి రావట్లేదు. మీరే లోపలికి రండి!"

పంపు మామ చెప్పులు విడిచి గడప లోపల కాలు పెట్టాడు. అతని వెనక జనం కదిలారు.