ఆట ముందు పెట్టిన భోజనం

లంకలన్నీ మునిగిన పెద్ద వరద ఏడాది అది. మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌కి వెళ్లాలంటే ఏటి అవతలి ఊళ్లో ఒక్క ఆట గెలవాలి. జట్టుకి పెద్దదిక్కుగా బస్సులో నేనూ వెళ్లాను.

కోచ్ గణేష్‌బాబు ఆ ఊరి అల్లుడు. ఆటకు ముందు అతని మావగారు బంగార్రాజు అందరినీ భోజనానికి పిలిచాడు. పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లు, గడ్డపెరుగు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వదల్లేదు.

"మొహమాటపడకండి. అల్లుడి జట్టంటే మా ఇంటి పిల్లలే కదండీ," అంటూ బొబ్బట్టు వేసి, పైన నెయ్యి పోశాడు.

మైదానంలో మావాళ్లు పరిగెత్తలేకపోయారు. నాలుగు గోల్స్ పడ్డాయి. ఫైనల్ పోయింది. అవతలి గోల్‌కీపర్ బంగార్రాజు తమ్ముడి కొడుకని అప్పుడు తెలిసింది.

తిరుగు బస్సులో గణేష్‌బాబుని అడిగాను.

"మీ మావగారు కావాలనే పెట్టాడా?"

"అదేంటండి బాబాయ్‌గారూ. ఇంటికొచ్చినోళ్లకి పెట్టకుండా పంపుతారా అండి?"

"మరి ఆ గోల్‌కీపర్, మీ బావమరిది, మనతో భోజనానికి కూర్చోలేదేం?"

"వాడు ఆట ఉన్న రోజు అరటిపళ్లు తప్ప ఏం తినడండి."

ఆ మాటతో నా అనుమానం గట్టిపడింది.

మర్నాడు పొద్దున్నే గణేష్‌బాబు ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ తెచ్చిన కాఫీ ముట్టలేదు. వచ్చే ఏడు ఆ ఊరు వెళ్తే జట్టుకి పెరుగన్నం నేనే క్యారేజీల్లో తెస్తానని చెప్పి వచ్చేశాను.