మునెమ్మ తొక్కని గరిక

మునెమ్మ రోజూ తెల్లవారకముందే వాకిట్లో కళ్ళాపి చల్లి, తిరుత్తణి కొండ ఉన్న దిక్కుకు దండం పెట్టుకుని, ఉత్త కాళ్ళతో పొలం కయ్యలకు పోయేది. కడంబత్తూరులో వేరుశెనగ వేసే ముందు అందరూ ఆమెనే పిలిచేవాళ్ళు. ఆమె కయ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే చాలు, పాదం పడినచోట గరిక వేర్లు వదులుకుని, పక్కకు జరిగి, గట్టెక్కి కుప్ప పడేది. కూలి రెండు పడుల కాయలు. కలుపు తీసేవాళ్ళలో కొందరిది చురుకు చెయ్యి. మునెమ్మది పాదం, అంతే.

ఎనభై మూడో ఏడు వాన లేక కయ్యలు బీడు పడినాయి. క్వారీలో రాళ్ళు కొట్టి రొమ్ము పాడుచేసుకున్న ఆమె మొగుడు ధనకోటి, మణవాళనగర్ దగ్గర కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో తోటపనికి దినకూలీగా చేరినాడు. ఆఫీసు ముందు ఒట్టి ఎర్రనేల. సూపర్‌వైజర్ సుందరరాజ్ దాన్ని చూపించి, "ఆడి కృత్తిక పండగ అయినాక పెద్ద దొర వస్తాడు. అప్పటికి ఇక్కడ లాన్ ఉండాల. మెడ్రాసు నుంచి గడ్డి తెప్పించేదానికి దుడ్డు లేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. పచ్చగా ఉంటే పర్మనెంటు, ఆస్పత్రి కార్డు" అన్నాడు.

రాత్రి ఇంట్లో ధనకోటి ఆ సంగతి చెప్తే, "గరికకు యాడ కరువు మామా? నేను తెస్తా" అనింది మునెమ్మ. ఆ కార్డు లేకపోతే మొగుడు ఇంకో చలికాలం దాటడని ఆమెకు తెలుసు.

ఎండిన కాలవ గట్టున ఆమె నడిస్తే గరిక వేళ్ళతో సహా లేచి వచ్చేది. దాన్ని గోతాలకెత్తి గేటు దాకా మోసుకొచ్చేది. లోపల ధనకోటి నేల తవ్వి, రాళ్ళు ఏరి, పేడపొడి కలిపినాడు. గరికను కణుపులుగా తుంచి, పేడనీళ్ళలో ముంచి, జానెడుకొకటి నాటినాడు. క్యాంటీన్లో గిన్నెలు కడిగిన నీళ్ళు కుండతో మోసి చల్లినాడు.

"నువ్వు లోపలికి రావాకు మే" అని నవ్వేవాడు. "జన్మంతా పెరికినదానివి. నిన్ను చూస్తే వీటికి ప్రాణం పోతాది."

వాచ్‌మన్ వేలాయుధం ఒక దినం గేటు దగ్గర చెప్పినాడు. "ఏమ్మా, నీ పురుషన్ గడ్డితో మాట్లాడతాండాడు."

"ఏమంటాడన్నా?"

"'మునెమ్మ వస్తే పారిపోవాకండి, ఆమె మన మనిషి' అంటాడు. పైత్యం!"

"నాతో ఎప్పుడన్నా అంత మెత్తగా మాట్లాడినాడా ఈ మనిషి!" అనింది మునెమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

దొర వచ్చే దినానికి నేలంతా పచ్చబడింది. మధ్యాన్నం ఆమె గంజి తెచ్చేసరికి ధనకోటి లాన్ నడుమ దగ్గుతా కూలబడినాడు. తుండుగుడ్డ మీద నెత్తురు.

"మామా!"

ఆయన చెయ్యెత్తి ఆపినాడు. "ఆయాసం, అంతే. కారు పొయ్యేదాకా రావాకు."

ఆమె ఒక పాదం ఎత్తింది. ఒక్క అడుగుకు ఒక్క బోడి మచ్చ. ఆయన దగ్గరికి పోవాలంటే ఇరవై అడుగులు. ఎత్తిన పాదం వెనక్కి పెట్టుకుంది. గంజి గిన్నె పట్టుకుని, మురుగా మురుగా అనుకుంటా గేటు పక్కనే నిలబడింది. ఆయన మెల్లగా ఒరిగి పడుకున్నాడు.

కారు వచ్చింది. దొర దిగి చూసి, "తోటమాలి నిద్రపోతున్నాడా? పోనీలే, గడ్డి బాగుంది" అని నవ్వి లోపలికి పోయినాడు. దొర కనబడినంతసేపూ వేలాయుధం సెల్యూట్ దించలేదు. గంట తర్వాత కారు వెళ్ళిపోయింది.

మునెమ్మ పరిగెత్తింది. ధనకోటి ఒళ్ళు అప్పటికే చల్లబడి ఉంది. ఆ ఎండలో కూడా.

ఎప్పటికో వెనక్కి తిరిగి చూసుకుంది. గేటు నుంచి తన దాకా గరిక ఎక్కడా జరగలేదు. వంగిన పరకలు మళ్ళీ లేస్తా ఉన్నాయి.

పర్మనెంటు ఆర్డరులో ధనకోటి పేరు కొట్టేసి ఆమె పేరు రాసినారు. మరుసటేడు వానలు పడినాయి, కడంబత్తూరు వాళ్ళు పిలిచినారు. ఏ కయ్యలో నడిచినా గరిక కదల్లేదు. ఆమె తిరిగొచ్చి లాన్‌కు నీళ్ళు పోసే పనిలోనే ఉండిపోయింది.

ఒక దినం కుండ దించి అడిగింది. "అన్నా, ఆయన గడ్డికి పారిపోవాకండి అనే ఆ మాట ఎప్పటి నుంచి చెప్తా వచ్చినాడు?"

వేలాయుధం గేటు గడియ సర్దుతా చెప్పినాడు.

"నాటిన మొదటి దినం నుంచేనమ్మా."