పడేవాడు

"ఇంకొక్కసారి పడరా బాలేషూ. ఈసారి కాస్త చేతులు విసురుతూ పడు," అన్నాడు నాగసాయి, టీ కప్పు ఊదుకుంటూ.

బాలేష్ లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకొని, నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తు దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా విశ్వతేజ చెయ్యెత్తి విసిరాడు. ఆ చెయ్యి చెంపకు జానెడు దూరంలోంచి పోయింది. బాలేష్ తల పక్కకు తిప్పి, రెండు చేతులూ గాల్లోకి విసిరి, "అమ్మా!" అని అరిచి, ఎడమ భుజం మీదుగా దొర్లి పడ్డాడు. దూలానికి బిగించిన కెమెరాలు చూశాయి. పక్కన అమూల్య ముందున్న తెర మీద అతని చుట్టూ ఎర్ర గీత వెలిగింది. సైరన్ కూసింది.

"ఇదిరా పడటమంటే," అని నాగసాయి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

శామీర్‌పేట చెరువు దాటి, రోడ్డు దిగి లోపలికి వెళితే వచ్చే ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు కోళ్ళ ఫారం. ఇప్పుడు కంపెనీ. వాన పడితే మాత్రం పాత వాసన లేచి, అంతకుముందు అక్కడ ఎవరుండేవారో గుర్తు చేస్తుంది. గొడవ జరిగితే తనంతట తానే కనిపెట్టి సైరన్ మోగించే కెమెరా తయారుచేయాలని నాగసాయి పట్టుదల. గొడవంటే ఏమిటో యంత్రానికి తెలియాలంటే బోలెడన్ని గొడవలు చూపించాలి. నిజం గొడవలు ఎప్పుడు జరుగుతాయో, ఎవరు కెమెరా పట్టుకుని కాపలా కాస్తారు? అందుకని గొడవలు ఇక్కడే వండుతారు. ఇంజనీరింగ్ చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన పిల్లలు కెమెరాల కింద కొట్టుకుంటారు. కొట్టేవాడెవరో పడేవాడెవరో వాళ్ళతోపాటే వచ్చిన అమూల్య వీడియోలో గుర్తులు పెడుతుంది. మేడ్చల్ దగ్గరి కాలేజీలో నాలుగేళ్ళు కంప్యూటర్లు చదివిన బాలేష్‌కు చివరకు తన్నులు తినే పని దొరికింది. నాగసాయిని సార్ అని పిలవకూడదు, అన్నా అనాలి. ఆ కంపెనీలో అందరూ అన్నదమ్ములే. జీతం మాత్రం ఒక్క అన్నకే.

మొదట్లో వంతులుండేవి. ఒకరోజు కొట్టినవాడు మర్నాడు పడాలి. బాలేష్ వంతు వచ్చినప్పుడు అతని చెయ్యి లేవలేదు. ఉత్తుత్తిదేనని ఎంత చెప్పినా భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "నేను పడ్త అన్నా, రోజు నేనే పడ్త," అన్నాడు. పైగా ఎంత బాగా పడతాడో! తలకు దెబ్బ తగలకుండా ఎలా దొర్లాలో, కడుపు ఎప్పుడు ముడుచుకోవాలో అతనికి వచ్చు. ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు.

కుత్బుల్లాపూర్‌లో రెండు గదుల ఇంట్లో నేర్చుకున్నాడు. తండ్రి వెంకటనర్సయ్య జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. అక్కడ సూపర్‌వైజర్ అన్న మాటలు సాయంత్రం ఇంట్లో బెల్టుతో చెప్తాడు. చెయ్యి అడ్డం పెడితే ఇంకో నాలుగు ఎక్కువ పడతాయి. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్ళు పాతేసినట్టు నిలబడాలి. కదలకుండా ఉంటే కొట్టేవాడికి తొందరగా విసుగొస్తుంది. బాలేష్ పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక దెబ్బ తల్లి బాలనర్సమ్మ చెవి మీద పడింది. ఆ చెవి మళ్ళీ పనిచేయలేదు. తన చెయ్యి ఎవరి మీదా లేవకూడదని ఆ రాత్రే అనుకున్నాడు. లోకంలో తనదంటూ చెప్పుకోవడానికి బాలేష్‌కు మిగిలింది ఆ ఒక్క పంతమే. దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం కొంపల్లి విల్లాల సంఘం వాళ్ళు కెమెరాలు చూడటానికి వస్తున్నారు. వాళ్ళు ఒప్పుకుంటే ఒక్క కుర్రాడిని ఉద్యోగంలోకి తీసుకుంటానని, అది నువ్వేనని నాగసాయి బాలేష్‌కు మాటిచ్చాడు. పొద్దున తల్లి చద్దిమూట చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "నౌకరి అయితదా బిడ్డా?"

"అయితదే అమ్మా."

"అయితే ఏడనన్న ఒక రూము సూడు. నేను నీ తాన్నే ఉంట. ఇగ నాతోని కాదు," అంది. ఇరవై ఏళ్ళలో ఆమె అంత మాట అనడం అదే మొదటిసారి.

సంఘం అధ్యక్షుడు చలపతిరావు, ఆయన వెంట మరో ఇద్దరు వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. నాగసాయి ఇంగ్లీషూ తెలుగూ కలిపి గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. విశ్వతేజ చెయ్యి విసిరాడు, బాలేష్ అరిచి దొర్లాడు, తెర ఎర్రబడింది, సైరన్ కూసింది. చలపతిరావు గడ్డం గోక్కున్నాడు.

"ఇది నాటకం కదయ్యా. అబ్బాయికి దెబ్బ తగలనే లేదు. మా గేటు దగ్గర నిజంగా తన్నుకుంటే పట్టుకుంటుందా మీ కెమెరా?"

"పట్టుకుంటుంది సార్. తేజా, నిజంగానే కొట్టు."

విశ్వతేజ ఒకడుగు వెనక్కి వేశాడు. "వద్దన్నా, వాడు నా ఫ్రెండు."

"కొట్టురా, ఏం గాదు. జల్దీ అయిపోతది," అన్నాడు బాలేష్. ఆ క్షణంలో అతనికి కనిపిస్తున్నది ఒక గది, దానికి బయటి నుంచి ఎవరూ తన్నలేని తలుపు.

విశ్వతేజ కళ్ళు మూసుకుని కొట్టాడు. చెంప ఛెళ్ళుమంది. బాలేష్ పడాలి. పడదామనే అనుకున్నాడు. కానీ ఒంటికి నిజం దెబ్బ తెలుసు. చేతులు వాటంతట అవే వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పాదాలు నేలకు అంటుకుపోయాయి. తెర మీద ఇద్దరి చుట్టూ పచ్చగీత.

"ఇంకోటి," అన్నాడు నాగసాయి.

ఇంకోటి పడింది. పచ్చగీతే.

"అన్నా," అంది అమూల్య మెల్లగా, "ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని చూపిస్తోంది. దానికి పడటమే తెలుసు. ఇలా నిలబడినవాణ్ణి మనం ఎప్పుడూ చూపించలేదు."

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నాగసాయికి ఆ నవ్వు గుచ్చుకుంది. రెండేళ్ళ కష్టం, తండ్రి స్థలం తాకట్టు పెట్టి తెచ్చిన పెట్టుబడి పచ్చటి గీతలో కొట్టుకుపోతున్నట్టనిపించింది. విశ్వతేజను పక్కకు నెట్టి తనే వచ్చాడు.

"పడరా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. చెంప మీద కొట్టాడు. "పడమంటున్నానా!" పిడికిలితో మూతి మీద గుద్దాడు. బాలేష్ పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది. కడుపులో మోకాలు దిగింది. ఊపిరి ఆగిపోయినా అతను వంగలేదు. పడితే అన్నీ అయిపోతాయని తెలుసు, ఉద్యోగం వస్తుందని తెలుసు, మోకాళ్ళు మాత్రం వినడం లేదు. షెడ్డులో దెబ్బల చప్పుడు తప్ప మరేమీ లేదు. యంత్రం మాత్రం అన్నదమ్ములిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారనే అంటోంది.

"కోళ్ళ ఫారంలో కోడికున్న బుద్ధి లేదురా నీకు!" అంటూ నాగసాయి అరచెయ్యి తిప్పి చెవి మీద కొట్టాడు.

చెవిలో గుయ్యిమంది. బాలేష్‌కు నాగసాయి ముఖం కనిపించడం మానేసింది. వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి లేచింది. అది దవడ మీద పడింది, ఎడమది గుండెల మీద పడి తోసింది. నాగసాయి చేతులు విసురుకుంటూ, "అమ్మా!" అని అరిచి, కుర్చీల మీదుగా వెల్లకిలా పడ్డాడు.

సైరన్ కూసింది. తెరంతా ఎర్రబడింది. నేల మీద ఉన్న నాగసాయి చుట్టూ ఒక గీత, దాని మీద 'బాధితుడు'. నిలబడ్డ బాలేష్ చుట్టూ ఇంకో గీత, 'దాడి చేసినవాడు'.

చలపతిరావు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "ఇదీ! ఇప్పుడు నమ్మాను. పనిచేస్తుందయ్యా నీ కెమెరా."

నాగసాయి దవడ పట్టుకుని తెర వైపు చూశాడు. చూసి నవ్వాడు. లేచి వచ్చి బాలేష్‌ను కావలించుకున్నాడు. "చంపేశావురా! నీ ఉద్యోగం ఖాయం. అమూల్యా, ఆ క్లిప్పు జాగ్రత్త. ముందంతా కోసెయ్. వీడి చెయ్యి లేచిన దగ్గర్నుంచి ఉంచు. ఇకమీదట ఎవరొచ్చినా ఇదే చూపిద్దాం."

స్వీట్ల డబ్బా తెరిచారు. సంతకాల కాగితాలు వచ్చాయి. బాలేష్ తన కుడిచేతి వేళ్ళ కణుపుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. అచ్చం నాయిన చెయ్యి. కొట్టినందుకు సిగ్గేసింది, కానీ అతన్ని వణికించింది సిగ్గు కాదు. ఆ దెబ్బ దవడకు తగిలిన క్షణాన భుజం దాకా హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ సాయంత్రాలు ఇంటికి వచ్చే మనిషికి కూడా ఇలాగే ఉంటుందేమో అనుకున్నాడు. అది తెలుసుకోకుండా ఉంటే బాగుండేది.

అమూల్య కాగితం ప్లేటు తెచ్చి పక్కనే ఉన్న తన బల్ల మీద పెట్టి ఏదో అంది.

"ఏమన్నవ్? గిటు చెవి ఇనొస్తలేదు," అన్నాడు.

"తీపి తినమన్నాను. నీళ్ళు తేనా?"

వద్దని తల ఊపాడు. ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక ఒక ముక్క కొరికాడు. నమలలేకపోయాడు. తెర మీద ఆ క్లిప్పు మళ్ళీ మొదలైంది. చలపతిరావు వెంట వచ్చినవాళ్ళు ఇంకోసారి చూస్తామన్నారట. ముందు భాగం అప్పుడే కోసేశారు. ఎవరూ ఏమీ అనకుండానే ఒక కుర్రాడి చెయ్యి లేస్తోంది, ఒక పెద్దమనిషి పడిపోతున్నాడు.

బాలేష్ చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా విశ్వతేజ వెంట వచ్చాడు. "ఎక్కడికిరా? అన్న ఆఫర్ లెటర్ టైపు చేయిస్తున్నాడు. ఉద్యోగం వద్దా?"

"కావాలెరా. మస్తు కావాలె," అన్నాడు బాలేష్.

అంతే. చద్దిమూట భుజానికి తగిలించుకుని మట్టిదారి పట్టాడు. రోడ్డు మీద మేడ్చల్ వైపు వెళ్ళే ఆటో ఒకటి ఆగింది, అతను ఎక్కాడు, అది వెళ్ళిపోయింది. షెడ్డులో క్లిప్పు తిరిగినప్పుడల్లా సైరన్ కూస్తూనే ఉంది, ఎవరూ తల తిప్పి చూడలేదు.

అమూల్య బల్ల మీద కాగితం ప్లేటులో, ఒక్కసారి కొరికి వదిలేసిన కాజూ కత్లీ ముక్క ఉండిపోయింది. పంటిగాటు పడిన చోట వెండిరేకు మీద నెత్తురు ఇంకా తడిగానే ఉంది.