పాత ఓరుగల్లును గోదావరిలో కలపడం

నగరాన్ని చాపలా చుట్టడం తూర్పు వైపు నుంచి మొదలుపెట్టారు. కోట తోరణాలు ముందు చుట్టుకుపోయాయి, వాటి వెనకే ఖుష్ మహల్. రాయి బట్టలా మడత పడుతుంటే పెద్దగా చప్పుడు కూడా రావడం లేదు. నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. లేచి నిలబడే ఓపిక లేదు.

ఇందులో వింతేమీ లేదు. నేను నకాశీ వాణ్ణి, పటాలు వేస్తాను. కథలు చెప్పేవాళ్ళు ఊరూరా తిప్పి చూపించే పొడవాటి బొమ్మల పటాలు. కొత్త పటానికి పూజ చేసి, చివరగా కళ్ళు దిద్ది తెరిపించాక పాత పటాన్ని ఉంచుకోకూడదు. మనిషికి చేసినట్టే కర్మ చేసి, గోదావరిలో కలపాలి. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. వారసత్వ ఉత్సవాలకని ఈసారి నాతో ఓరుగల్లు పటమే వేయించారు. నిన్న దానికి కళ్ళు తెరిపించాను. కాబట్టి బయట ఉన్న ఓరుగల్లు ఇప్పుడు పాతది.

ఉత్సవాల కమిటీ మేడం పేరు శోభారాణి. మంచావిడే కానీ ఆవిడకు ఏదీ చాలదు. "ఐలయ్యగారూ, పేరిణి నాట్యం మర్చిపోవద్దండీ" అంది. వేశాను. భద్రకాళి చెరువు వేశాను. వేయి స్తంభాల గుడి వేస్తే ఒక్కో స్తంభం మీద వేలు పెట్టి చూసింది. కొత్తవాడ జంపఖానాల మగ్గాలు, బతుకమ్మలు, రామప్ప దారి, అన్నీ అయ్యాక "కళాకారుడు కూడా ఉండాలి కదండీ" అని ఒక మూల నన్నే నాతో వేయించింది. వేళ్ళు వంకర్లు పోయాయి. ఇంత నగరం ఎందుకు కట్టారయ్యా అని కాకతీయుల మీద కూడా విసుక్కున్నాను.

నా భార్య భూలక్ష్మి లోపల చింతగింజలు నూరుతోంది. పటం గుడ్డకు పూసే జిగురు ఆ గింజలతోనే చేస్తాం. ఉత్సవాలొచ్చినా, ఊరు చుట్టుకుపోతున్నా ఆమె నూరుడు ఆగదు.

కథలు చెప్పే సారయ్య వస్తాడు. పాత పటాన్ని సాగనంపడం వాళ్ళ కులపెద్దగా అతని పని. నగరాన్ని చుట్టీ చుట్టీ చెమటలు కక్కుతున్నాడు. చెంబెడు నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటాడు.

"ఐలన్నా, గుడి దాకా అయిపోయింది. ఇగ మీ గల్లీనే. కొత్త పటంలకు పోయేటోళ్ళు పోయిన్రు. మీ ఇంటామె పోలేదేంది?"

"పోతది."

"యాడికి పోతది? పటమంత జూసిన. ఆమె అండ్ల లేదు గద."

పటం విప్పి చూస్తాను. పక్కింటివాళ్ళు అప్పుడే అందులో బట్టలు ఆరేసుకున్నారు. మిర్చి బజ్జీల బండి కూడా ఉంది, గుడ్డలోంచి నూనె వాసన వస్తోంది. భూలక్ష్మి మాత్రం లేదు. కారణం తెలుస్తూనే ఉంది. నేను కళ్ళ ముందు ఉన్నవే వేస్తాను. ఆమె ఎప్పుడూ నా వెనక ఉంటుంది. పటంలో లేని మనిషి పాత నగరంతో పాటు ఏట్లోకి పోతుంది.

"భూలక్ష్మీ, ఇట్రా. నా ముందర నిలబడు."

కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడుతుంది. కుంచె రంగులో ముంచి పటానికి ఆనిస్తాను. రంగు ఆనదు, జారి నా ఒళ్ళో పడుతుంది. కళ్ళు తెరిచిన పటం మీద కుంచె పెట్టకూడదని నాకు తెలియక కాదు. తెలిసీ మళ్ళీ పెడతాను, మళ్ళీ జారిపోతుంది.

శోభారాణి మేడం పటంలోంచి తల బయటికి పెడుతుంది. ఆవిడ పొద్దున్నే అందులోకి మారిపోయింది.

"ఆవిడ ఏ కళ కిందికి వస్తారండీ?"

"జిగురు కిందికి మేడం."

"జిగురు కనపడదు కదండీ. కనపడనిది వేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

గల్లీ చివర కరెంటు స్తంభం అప్పుడే ఇటు వంగుతోంది.

"ఇడ్శిపెట్టయ్యా" అంటుంది భూలక్ష్మి. "నాకూ అలుపొచ్చింది. సుట్టుకుంటే సుట్టుకోనీ, ఇంత కునుకన్న తీస్త. నువ్వు పో. అండ్ల నువ్వు మంచిగనే ఉన్నవ్, మీసాలు నల్లగ ఏసుకున్నవ్."

"నువ్వు లేకుంట అండ్ల నేనేం జెయ్యాలె?"

"కూసోని బొమ్మలెయ్యి. రోజు జేసేది అదేనాయె."

ఆమె దెప్పడం లేదు, ఉన్నమాట చెబుతోంది. అందుకే ఎక్కువ నొప్పి పుడుతుంది. నా పాదాలు అప్పటికే ఇక్కడ లేవు. పటంలో, ఆ మూల, కుంచె పట్టుకున్నవాడి కింద చేరాయి.

పటం మీద కుంచె పెట్టకూడదన్నారు కానీ వేలు పెట్టకూడదని ఎవరూ అనలేదు. బొటనవేలు నాలుకతో తడిచేసుకుని ఆ నల్లమీసాలవాణ్ణి తుడిచేస్తాను. మీసాలు ఒక పట్టాన వదలవు. గట్టిగా రుద్దుతాను. నా పాదాలు నా దగ్గరికి వచ్చేస్తాయి.

"అయ్యో, కళాకారుడు లేకపోతే ఎలాగండీ?" మేడం గాభరా పడుతుంది.

"ఉన్నాడనే చెప్పండి మేడం. కనపడడంతే."

సారయ్య మా ఇద్దరినీ చూస్తాడు. "మొకంల మొకం పెట్టి పక్కకు మళ్ళి పండుకోన్రి. ఎల్లికల పండితే నడుము పడ్తది" అంటాడు. పడుకుంటాం. గోడ మెత్తగా మా మీదికి వస్తుంది, తర్వాత పైకప్పు, తర్వాత హనుమకొండలో మిగిలిందంతా. లోపల, మేం పటం నేలకు వేసే రంగులా, ఎర్రగా ఉంది. డప్పులు వినిపిస్తున్నాయి. సారయ్య మమ్మల్ని భుజాన వేసుకుని, సొంత అన్న పోయినట్టే ఏడుస్తున్నాడు.

గోదావరి చల్లగా ఉంది. స్తంభాలు ఒక్కొక్కటే ఊడిపోతుంటే చేపలు తలా ఒకటి తీసుకుని వెళ్ళిపోతున్నాయి. నీళ్ళకు జిగురు మెత్తబడి మా ముఖాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. విడివడేసరికి ఆమె ముఖం నాకు వచ్చింది, నాది ఆమెకు పోయింది. ఆమె కళ్ళతో నన్ను చూస్తాను. ఎదురుగా ఎవరో ముసలాయన, బాగా అలసిపోయి ఉన్నాడు. ఈ కళ్ళకు ఆ ముఖం కొత్త, వీపే అలవాటు.

"అటు మళ్ళయ్యా" అంటాను ఆమె గొంతుతో. "గుర్తువడ్తనేమో జూస్త."

ఆయన అటు తిరుగుతాడు. వీపు నిండా రంగు లేకుండా, ఒట్టి చింతగింజల జిగురుతో, వేలితో వేసిన ఇంకో ఓరుగల్లు ఉంది. ఎన్నాళ్ళ నుంచి భూలక్ష్మి వేస్తోందో ఏమో. అందులో ఆమె, నేను పక్కపక్కన, ఏ పనీ లేకుండా, బజారు వెంట నడుస్తున్నాం. నడిచి నడిచి భుజం అంచు దాకా వచ్చి, అక్కడ ఆగకుండా, నీళ్ళలోకి అడుగు వేస్తున్నాం.