పెరటి గది

హాల్లో ఫోను మోగుతోంది. నేను పెరట్లో రుబ్బురోలు ముందు కూచుని గారెలకి మినప్పప్పు రుబ్బుతున్నాను. మడిచీరలో ఉన్నాను, ఫోను ముట్టుకోకూడదు. ఇవాళ మా మావగారు గోపాలకృష్ణమూర్తి గారి తద్దినం. ఈ పిఠాపురంలో మా ఇంట్లో తద్దినానికి గ్రైండరు పిండి పనికిరాదు, వంటమనిషి పనికిరాదు. కోడలే పనికొస్తుంది.

మా ఆయన శశిభూషణ్ ఫోను పట్టుకుని నాకు తగలకుండా గుమ్మంలో నిలబడ్డారు. "మీ ఆఫీసు నుంచి వినీలట. సర్వరు ఆగిపోయిందట. మా నాన్న కంటే ఎక్కువా ఆ సర్వరు? స్విచాఫ్ చేసేస్తున్నా సీతా." చేసేశారు కూడా. అడగడం కాదు అది, చెప్పడం.

ఆ సర్వరు ఓ పెద్ద ఆసుపత్రిది. దాని డేటాబేసుని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఇంట్లోంచే చేస్తాను కాబట్టి ఇంట్లో ఎవరికీ అది ఉద్యోగంలా కనిపించదు. "కూచుని చేసేదేగా" అంటారు. మొన్న వరలక్ష్మీ వ్రతం నాడు ఇలాగే ఆగిపోతే ఫోను తియ్యలేకపోయాను. ల్యాబు రిపోర్టుల కోసం రోగులు సాయంత్రం దాకా పడిగాపులు పడ్డారట. మేనేజరు సురేష్‌బాబు గారు మర్యాదగానే అన్నారు, ఇంకోసారి ఇలా అయితే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామండీ అని. అదీ పోతే నాకు మిగిలేది ఈ రుబ్బురోలే.

సర్వరు బిగుసుకుపోయినప్పుడు లోపలికి వెళ్ళి ఏమైంది నీకు అని అడిగితే చెప్పదు. జవాబు చెప్పే ఓపిక కూడా ఉండదు పాపం దానికి. అందుకని వేరే మెషీన్ మీద ఇంకో టూల్ పెడతాం. అది బయటినుంచే దీని నాడి చూస్తూ ఉంటుంది. ఎవరు దేన్ని పట్టుకుని వదలడం లేదు, వాళ్ళ వెనకాల ఎవరెవరు నిలబడిపోయారు, అంతా గీతలు గీసి చూపిస్తుంది. ఓసారి ముచ్చటపడి మా ఆయనకి చూపించాను. "బావుంది గానీ, పులుసులో ఉప్పు తగ్గింది" అన్నారు. నాకూ అలాంటిదొకటి ఉంటే, నేను నోరు తెరవకుండానే ఎవరో ఒకరు కనిపెట్టేవారు కదా అనుకునేదాన్ని.

ఆ టూల్ నేర్చుకున్నది పెరటి గదిలో. నెలకి మూడు రోజులు దూరం కూచునే గది అది. పెళ్ళయిన కొత్తలో కంచం గడప దగ్గర పెట్టి నెట్టారని అందులో కూచుని ఏడ్చాను. తరవాత్తరవాత తెలిసొచ్చింది. ఆ మూడు రోజులూ నన్నెవరూ పిలవరు, కాఫీ అడగరు, తువ్వాలు ఎక్కడుందని అరవరు. ఈ ఉద్యోగానికి కావలసిన పరీక్షలన్నీ ఆ గదిలో చదివే పాసయ్యాను. ఆ గది వస్తువు ఇంట్లోకి రాకూడదు కాబట్టి నా పాత ల్యాప్‌టాప్ అక్కడే ఉంటుంది. పోయినేడాది నెలసరి ఆగిపోయింది. పీడా పోయిందని సంతోషించాలట! నేను మాత్రం ఆ గది పోయిందని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. నెలనెలా దూరం అంటూనే ఉన్నాను. ముట్టుకోకూడని మనిషినైతే తప్ప నాకు ఈ ఇంట్లో కాస్త చోటు లేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పొత్రం మీంచి చెయ్యి తీసేశాను.

"అత్తయ్యగారూ, నేను దూరం."

కర్త భార్య దూరమైతే ఆ రోజు తద్దినం ఆగిపోతుంది. తెలిసే అన్నాను. మా ఆయన "ఇవాళేనా!" అని నుదురు కొట్టుకున్నారు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి నన్ను ఎగాదిగా చూశారు.

గదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచి టూల్ చూశాను. పొద్దున్నే ఎవరో పెద్ద రిపోర్టొకటి మొదలుపెట్టి, దాన్నలాగే వదిలేసి టిఫినుకి వెళ్ళినట్టున్నారు. అది పట్టుకున్న డేటా టేబుల్ కోసం ఆసుపత్రి మొత్తం ఆగిపోయి ఉంది. ఆ ఒక్కదాన్నీ తెంపేశాను. గీతలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. "వచ్చేసింది మేడమ్" అని వినీల మెసేజ్ పెట్టింది. సంతోషం రాలేదు. కీబోర్డు నిండా మినప్పిండి.

తల తిప్పేసరికి అత్తగారు. గడప దాటి, మడిచీరతోనే లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఈ గదిలో నన్నెవరైనా ముట్టుకోవడం అదే మొదలు.

"నీకు ఆగిపోయాయని నాకెప్పుడో తెలుసమ్మాయ్. నేనూ ఇలాగే దాచాను కొన్నాళ్ళు. మా అత్తగారు కనిపెట్టేశారు."

చూసిన మనిషి ఒకరున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడుద్దామనుకున్నాను.

"పురోహితుణ్ణి ఇంకా పంపెయ్యలేదు" అన్నారావిడ, అదే మెత్తటి గొంతుతో. "నానిన పప్పు ఇంకా ఉంది. లే, ఇద్దరం మళ్ళీ తలస్నానం చేసి మడి కట్టుకుందాం. అబ్బాయికీ చెప్పేశాను. ఇంక నెలలో ఒక్క రోజు కూడా నీకు వంటింటికి అడ్డం లేదు."

నీళ్ళు తోడతానంటూ ఆవిడ నూతి దగ్గరికి వెళ్ళారు. మా ఆయన ఎక్కణ్ణుంచో సీతా, సీతా అని పిలుస్తున్నారు. ఇన్నేళ్ళూ ఎవరూ రాని గది కాబట్టి దీని తలుపుకి లోపల గడియ ఉందో లేదో కూడా చూసుకోలేదు. ఉంది, తుప్పు పట్టి. లేచి వెళ్ళి, రెండు చేతులా బలమంతా పెట్టి దాన్ని వేశాను.